ఊకొట్టే శ్రోత, దారి ఎంచుకునే పాఠకుడు: తెలుగు కథనంలో ఎంపిక – ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

తెలుగు పల్లెల్లో కథ చెప్పేవారికి ఒక హక్కు ఉంది, వినేవారికి ఒక విధి ఉంది. వినేవారు 'ఊ' కొట్టాలి. 'ఊ' ఆగితే కథా ఆగుతుంది. పిల్లవాడు నిద్రపోయాడని తెలుసుకోవడానికి అవ్వకు ఉన్న ఆధారం అదొక్కటే. చూడటానికి చిన్న విషయమే గానీ, కథ ముందుకు సాగడానికి శ్రోత ఏదో ఒక చర్య చేయాలన్న నియమం ఇందులో స్పష్టంగా ఉంది. నేడు కంప్యూటర్ తెర మీద పాఠకుడు ఏదో ఒకటి నొక్కితేనో, టైపు చేస్తేనో ముందుకు నడిచే కథలను ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటున్నారు. పాఠకుని ముందు రెండు మూడు దారులు పెట్టి, అతడు ఎంచుకున్న దారినిబట్టి కథను మలిచేవి ఎంపిక ప్రధానమైన ఆటలు. వీటి గురించి తెలుగులో మాట్లాడవలసి వచ్చినప్పుడు రెండు మాటలు తరచు వినబడతాయి. ఇది పూర్తిగా పాశ్చాత్యుల సరుకు అని ఒకటి. ఇదంతా మనకు ఎప్పుడో ఉన్నదే అని రెండవది. రెండింటికీ ఆధారాలు చూపవచ్చు. అయితే రెండింటిలోనూ తొందరపాటు ఉంది. తెలుగు కథన సంప్రదాయంలో శ్రోతకు, పాఠకునికి నిజంగా ఏ మేరకు ఎంపిక ఉండేదో పరిశీలించి, ఆ వెలుగులో ఈ కొత్త ప్రక్రియను తెలుగులో రాయబోయేవారికి ఎదురయ్యే భాషాసమస్యలను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణల కోసం చిత్తూరు సీమను, ప్రత్యేకించి చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలోని బంగారుపాళ్యాన్ని ఎంచుకున్నాను.

'ఊ'లో చర్య ఉంది, ఎంపిక లేదు. 'ఊ' అన్నా 'ఊఁహూఁ' అన్నా ఏడు చేపల కథలో ఎండని చేప ఎండదు. ఈ భేదాన్ని వ్యాసం పొడుగునా గుర్తుంచుకోవాలి. ఎస్పెన్ ఆర్సెత్ 1997లో వెలువరించిన 'సైబర్‌టెక్స్ట్' గ్రంథంలో, చదవడానికి కన్ను కదపడం, పుట తిప్పడం మించిన ప్రయత్నం అవసరమయ్యే రచనలను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించాడు. ఆ వర్గానికి ఆయన చూపిన పాత ఉదాహరణ చైనీయుల ప్రశ్నగ్రంథం 'ఈ చింగ్'. కాబట్టి కంప్యూటర్ పుట్టకముందరి ఆచారాలలో ఈ లక్షణాన్ని వెతకడం అసమంజసమేమీ కాదు. వెతికేటప్పుడు కొలబద్దను సడలించకపోతే చాలు.

వైకుంఠపాళి, పులిజూదం

ఈ ప్రస్తావన రాగానే చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది పరమపద సోపాన పటం. ముక్కోటి ఏకాదశి జాగరణ రాత్రి ఇంటిల్లిపాదీ గవ్వలో చింతపిక్కలో వేసి ఆడే ఆ పటంలో కథ ఉందనడంలో సందేహం లేదు. పాము పుణ్యక్షయం, నిచ్చెన సుకృతం, పై వరుసలో కాచుకొని ఉన్న పెద్దపాము చివరి పరీక్ష. కానీ అందులో ఆటగాని నిర్ణయం ఒక్కటీ లేదు. గవ్వలు ఎన్ని పడితే అన్ని గళ్ళు. పాము నోట పడినవాడు తప్పు చేసి పడలేదు. కర్మసిద్ధాంతం చెప్పడానికి పుట్టిన ఆటలో కర్తకు స్వేచ్ఛ లేకపోవడం వింతగానే కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర ఇది ఇంగ్లండు చేరి పిల్లల ఆటగా మారినప్పుడు అర్థాలు పలచబడి పాములూ నిచ్చెనలూ మిగిలాయి. అంత సులువుగా అర్థం ఊడిపోవడానికి, ఆ అర్థానికీ ఆడేవాని చేతికీ మొదటినుంచీ లంకె లేకపోవడమే కారణమని నా అభిప్రాయం.

పులిజూదం స్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్ళు. ప్రతి ఎత్తూ నిర్ణయమే, అదృష్టానికి తావే లేదు. గుడి మంటపాల బండల మీద, ఊరి రచ్చరాళ్ళ మీద చెక్కిన ఆ గీతలు దక్షిణాదిలో నేటికీ కనిపిస్తాయి. అయితే ఇక్కడ ఎంపిక ఉంది గానీ కథ లేదు. పులి ఎందుకు వచ్చిందో, మేకలు ఎవరివో ఎవరూ అడగరు. కథ ఒక పటంలోనూ ఎంపిక మరొక పటంలోనూ ఉండిపోయిన ఈ స్థితిలో, రెండూ కలిసిన చోటు ఏదైనా ఉన్నదా అన్నది అసలు ప్రశ్న.

బేతాళుని షరతు

ఉన్నది. పదకొండో శతాబ్దంలో కాశ్మీర దేశీయుడు సోమదేవుడు సంస్కృతంలో రచించిన కథాసరిత్సాగరం బేతాళకథలను మనకు అందించిన ప్రధాన గ్రంథాలలో ఒకటి. శవాన్ని భుజాన వేసుకొని మౌనంగా నడిచే రాజుకు బేతాళుడు కథ చెబుతాడు. చివర ప్రశ్న వేస్తాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. రాజుకు కనిపిస్తున్న దారులు రెండు. ఒకటి మృత్యువుకు, రెండవది మొదటికి పోతాయి. నేటి ఆటల రచయితలు 'లూప్' అని పిలిచే చక్రాన్ని ఇంతకన్న నిక్కచ్చిగా కట్టడం కష్టం.

ఈ చక్రం నుంచి బయటపడే ద్వారం ఇరవైనాలుగో కథలో ఉంది. తండ్రి కూతురినీ, కొడుకు తల్లినీ పెళ్ళాడితే వారి సంతానానికి పరస్పరం ఏ వరుస కావాలి అన్నది అక్కడి ప్రశ్న. రాజుకు నిజంగానే సమాధానం తెలియదు. ఊరకుంటాడు. తెలియక ఊరకున్నాడు కనుక తల పగలదు, నోరు విప్పలేదు కనుక శవం ఎగిరిపోదు. తెలివితేటలు ఇరవైమూడుసార్లు చేయలేని పనిని తెలియనితనం ఒక్కసారి చేసింది. షరతును పదాల వారీగా పరిశీలించినవారికి మొదటి కథలోనే ఈ సందు కనిపించాలి. కానీ సందు కనిపించడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే తెలియనట్లు నటించే వీలు ఆ షరతులో లేదు. నియమాల రచనగా చూస్తే ఇది గొప్ప పనితనం.

1947 జూలైలో మొదలైన చందమామ ఈ చట్రాన్ని తీసుకొని దశాబ్దాల పాటు కొత్త కొత్త కథలతో నడిపింది. పాతిక కథల గ్రంథం వందల కథలైంది. ఈ పెరుగుదలలో ఒక మార్పు జరిగింది. నెలనెలా కథ రావాలంటే రాజు నెలనెలా సమాధానం చెప్పితీరాలి. మౌనం అనే ద్వారం మూసుకుపోయింది. బేతాళుడు తిరిగి చెట్టెక్కడం కథాంతానికి ముద్ర అయింది. అయినా ప్రశ్నకూ సమాధానానికీ మధ్య ఉన్న ఆ కొద్ది ఎడంలో పుస్తకం మూసి, ఎవరు ఎక్కువ త్యాగి, ఎవరిది తప్పు అని అక్కచెల్లెళ్ళతో వాదులాడిన పాఠకులు తెలుగునాట లెక్కకు మించి ఉన్నారు. వారి సమాధానం కథను మార్చలేదు. కానీ రాజు సమాధానంతో తమ సమాధానాన్ని పోల్చుకొని, కాదని తీర్పు చెప్పే అధికారం వారు వాడుకున్నారు. దీనిని ఎంపికకు ముందు మెట్టుగా భావించవచ్చు.

మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రచించిన కాశీమజిలీ కథలలో మరొక పద్ధతి ఉంది. మణిసిద్ధుని వెంట కాశీకి నడిచే గొల్లపిల్లవాడు ప్రతి మజిలీలోనూ ఊరు చూసి వచ్చి, తనను అబ్బురపరచిన వింతను గురించి అడుగుతాడు. గురువు ఆ వింత వెనుక కథ చెబుతాడు. ఏ కథ చెప్పాలో నిర్ణయిస్తున్నది శ్రోత కుతూహలం. ఆ శ్రోతను సృష్టించినదీ రచయితే కనుక ఇది ఎంపికకు ప్రతిబింబం మాత్రమే అనవచ్చు. నాకు ఇందులో మరొక లాభం కనిపించింది. ఎంపిక కథలో పాఠకుడు ఆగి నిర్ణయించుకునే ఒక్కొక్క ఖండానికి తెలుగులో స్థిరమైన పేరు కావాలి. 'మజిలీ' అన్న మాట ఇందుకు చక్కగా సరిపోతుంది: దారి మధ్యలో ఆగే చోటు, అక్కడ ఒక కథ, అక్కడినుంచి మళ్ళీ ప్రయాణం. ఇకపై ఈ వ్యాసంలో ఆ అర్థంలోనే వాడుతున్నాను.

ఇక ఎదుటివారి ఎంపిక రచనను నిజంగా, అప్పటికప్పుడు మార్చే ప్రక్రియ తెలుగులో ఒకటే ఉంది. అది అవధానం. అందులోనూ నిషేధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత రాగల అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అవధాని మరొక అక్షరంతో దారి మళ్ళిస్తాడు. మళ్ళీ నిషేధం, మళ్ళీ మలుపు. పూర్తయిన పద్యం ఇద్దరి నిర్ణయాల జాడ. పృచ్ఛకుడు వేరైతే పద్యం వేరు. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యను జనసామాన్యానికి చేర్చిన కాలంలో, సభలో కూర్చున్నవారు చూసింది పద్యం పుట్టడాన్ని మాత్రమే కాదు, పుట్టకుండా పోయిన పద్యాలను కూడా. ఎంపిక ప్రధానమైన ఆటల విమర్శలో తొక్కని దారుల ప్రస్తావన తరచు వస్తుంది. నిషేధాక్షరిలో తొక్కనివ్వని దారులు సభ ఎదుటే ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి.

చిత్తూరు భారతాలు

పాల్గొనడం వేరు, ఎంచుకోవడం వేరు అని పైన చెప్పిన మాటకు చిత్తూరు సీమలో బలమైన సాక్ష్యం ఉంది. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళున్న ఊళ్ళలో ఏటా జరిగే భారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం రోజుల తరబడి సాగుతాయి. పద్ధెనిమిది పర్వాలకు పద్ధెనిమిది రోజులన్న లెక్క ఎక్కువ చోట్ల వినబడుతుంది. తమిళ తెరుక్కూత్తుతో దగ్గరి చుట్టరికం గల ప్రదర్శన ఇది. ఇక్కడ చూసేవారు చూసేవారుగా ఉండిపోరు. బకాసురుని బండి ఊరేగి వస్తే ఇంటింటి వారూ తిండి పెడతారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజున సంతానం లేని స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడి, పైనుంచి అతడు విసిరే విభూతి, నిమ్మపండ్ల కోసం కొంగు పడతారు. దుర్యోధన వధ నాడు నేల మీద పరచిన పెద్ద మట్టి విగ్రహం చుట్టూ భీముడు తరుముతుంటే ఊరంతా తరుముతుంది. ఆ సాయంత్రం అగ్నిగుండం.

ఇంతటి భాగస్వామ్యం ఏ కంప్యూటర్ ఆటలోనూ లేదు. అయినా ఏ ఏడాదీ దుర్యోధనుడు బతకడు. బతకాలని ఎవరూ కోరరు కూడా. కథ మారదన్న భరోసా మీదనే ఆ స్త్రీల కొంగు నిలిచి ఉంది. అర్జునుడు పాశుపతం పొందడం నిశ్చయం కాకపోతే ఆ నిమ్మపండుకు విలువ ఎక్కడిది? కాబట్టి ఎంపిక లేకపోవడాన్ని ఇక్కడ లోపంగా లెక్కించడం పొరపాటు. అలాగే ఈ ఉత్సవాన్ని ఎంపిక కథలకు పూర్వరూపంగా చూపడం కూడా పొరపాటే. రెండూ శ్రోతను కథలోకి లాగుతాయి. ఒకటి తెలిసిన ముగింపు వైపు అందరినీ కలిపి తీసుకుపోతే, రెండవది తెలియని ముగింపు వైపు ఒక్కొక్కరినీ విడిగా పంపుతుంది.

ఒంటరితనమన్న ఈ అంశాన్ని పాశ్చాత్య చరిత్ర కూడా సమర్థిస్తుంది. విల్ క్రౌథర్ 1976 నాటికి రాసిన 'అడ్వెంచర్' ఒక గుహలో ఒక్కడే తిరిగే మనిషి కథ. కెంటకీలోని మామత్ గుహలలో తాను స్వయంగా తిరిగి కొలిచిన దారులే దానికి ఆధారం. మరుసటి ఏడాది డాన్ వుడ్స్ దానిని విస్తరించాడు. ఆ ఏడాదే ఎంఐటీ విద్యార్థులు 'జోర్క్' మొదలుపెట్టారు. 1979లో ఎడ్వర్డ్ ప్యాకర్డ్ 'ద కేవ్ ఆఫ్ టైమ్' తో 'చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్' పుస్తకమాల ప్రారంభమైంది. అందులో ముగింపులు 40. అక్కడా గుహే, అక్కడా ఒక్కడే. 2009లో క్రిస్ క్లైమస్ విడుదల చేసిన ట్వైన్ అనే ఉచిత సాధనంతో ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా ఇటువంటి కథలు కట్టగలిగారు. యూనికోడ్ తెలుగు అందులో ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. లిపి సమస్య తీరింది. భాష సమస్య తీరలేదు.

క్రియ చివర వచ్చే భాషలో

మొదటితరం ఆటలు పాఠకుడు టైపు చేసిన ఆజ్ఞను అర్థం చేసుకోవాలి. ఆ పని చేసే భాగాన్ని పార్సర్ అంటారు. ఇంగ్లీషు పార్సర్ మొదటి మాట క్రియ, తరువాతది వస్తువు అని ఊహించుకొని పని మొదలుపెడుతుంది. తెలుగులో 'దీపం తీసుకో', 'దీపాన్ని తీసుకో', 'తీసుకో ఆ దీపం' మూడూ సాధువులే. చిత్తూరు వైపు 'దీపం ఎత్తుకో' అంటారు. విభక్తులు విడిగా నిలవవు: పెట్టెలో, పెట్టెలోకి, పెట్టెలోంచి. ఇంకా చిక్కు ఔపవిభక్తికాలది. వస్తువు పేరు 'రాయి' అని నమోదు చేస్తే 'రాతిని' అన్న రూపంలో ఆ రాయి కనిపించదు. ఇల్లు ఇంటిలో, చేయి చేతిలో, ఊరు ఊరిలో మారిపోతాయి. ప్రతి నామానికీ ప్రథమా రూపంతో పాటు ఔపవిభక్తిక రూపాన్ని కూడా ఇచ్చి, చివరినుంచి మొదటికి విడగొట్టే పద్ధతి అవసరం. మన వ్యాకర్తలు ఆదేశాలుగా, ఆగమాలుగా వర్గీకరించి పెట్టిన సామగ్రి ఇక్కడ నేరుగా పనికి వస్తుంది. బాలవ్యాకరణం చదివిన విద్యార్థికి తన చదువు ఉపయోగపడే చోటు ఇంత దగ్గరలో ఉందని ఎవరైనా చెప్పవలసి ఉంది.

ఎంపిక కథలో టైపు చేయనక్కరలేదు కనుక ఈ బాధ తప్పుతుంది. అక్కడ సమస్య సర్వనామానిది. ఇంగ్లీషు ఎంపిక కథలు మధ్యమపురుషలో నడుస్తాయి. తెలుగు క్రియకు మధ్యమపురుషలో లింగభేదం లేదు. 'వెళ్ళాడు', 'వెళ్ళింది' అని విడిపోయే క్రియ 'నువ్వు వెళ్ళావు' అన్నచోట ఒకటైపోతుంది. చదివేది స్త్రీయా పురుషుడా అని కథ అడగనవసరం లేదు. ఇది తెలుగుకు ఉన్న అనుకూలత. కానీ కథలోని మరో పాత్ర నోరు విప్పిన మరుక్షణం ఆ అనుకూలత చెదురుతుంది. 'ఏమన్నా' అనాలా, 'ఏమక్కా' అనాలా? 'రేయ్' అనాలా, 'అమ్మే' అనాలా? తెలుగు ఊరిలో వరుస లేకుండా పలకరింపు లేదు. పైగా నువ్వు, మీరు అన్న ఎంపికను పాఠకుని కన్న ముందు రచయిత చేయాలి. 'నువ్వు' అంటే చనువో చులకనో. 'మీరు' అంటే దూరం.

దీనికి మన కథకులు ఎప్పుడో కనుక్కొన్న పరిష్కారం 'మనం'. తెలుగుకు మేము, మనం అన్న భేదం ఉంది. చెప్పేవారినీ వినేవారినీ కలుపుకొనే 'మనం' ఇంగ్లీషులో లేదు. కథ కంచికి, మనం ఇంటికి అనే ముగింపు వాక్యంలోని 'మనం' అదే. (చిత్తూరు సీమ వారికి కంచి ఒక పూట ప్రయాణం, మిగతా తెలుగువారికన్న వారి కథలు త్వరగా గమ్యం చేరతాయనుకోవాలి.) 'ఇప్పుడు ఎటు పోదాం?' అని అడిగే కథలో పాఠకుడు గుహలో ఒంటరి కాడు. పక్కన అవ్వ ఉంది. భారత ఉత్సవం నుంచి ఎంపిక కథ తీసుకోదగినది ఈ తోడు అని నేను భావిస్తున్నాను.

బంగారుపాళ్యం మజిలీలు

ఈ చర్చను ఒక నమూనా మీద పెట్టి చూద్దాం. బంగారుపాళ్యం పేరులోని 'పాళ్యం' పాలెగాండ్ర కాలాన్ని గుర్తుకు తెస్తుంది. నేడు ఆ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది మామిడి మార్కెట్టు. జూన్, జూలైలలో తోతాపురి కాయ ట్రాక్టర్ల మీద దిగుతుంది. అందులో అధికభాగం గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. 2025లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు ₹8, ప్రభుత్వం రాయితీగా ₹4, మొత్తం ₹12 రైతుకు అందాలని ప్రకటన వెలువడింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి రోజుల తరబడి నిలిచిన సంవత్సరమది.

ఒక రైతు, ఒక ట్రాక్టర్ కాయలు, ఒక రాత్రి. నాలుగు చోట్ల నిర్ణయం, ప్రతిచోటా మూడు దారులు అనుకుందాం. కోత ఈరోజా, రేపా, వదిలేయడమా, మండీకా, ఫ్యాక్టరీకా, పొరుగు జిల్లాకా, ఇలా. ఏ దారీ మరో దారితో కలవకపోతే ముగింపులు 81, మొత్తం మజిలీలు 121. మజిలీకి వంద మాటలు రాసినా రచయిత 12,100 మాటలు రాయాలి. పాఠకుడు ఒకసారి చదివేది ఐదు మజిలీలు, ఐదు వందల మాటలు. ఈ నష్టాన్ని తగ్గించడానికి దారులను మళ్ళీ ఒక కూడలికి చేరుస్తారు. అప్పుడు నిర్ణయాలు నాలుగు, వాటి ఫలితాలు పన్నెండు, ముగింపు ఒకటి. 17 మజిలీలతో పని జరుగుతుంది. భేదమంతా కథ మనసులో ఉంచుకొనే లెక్కలలో ఉంటుంది: చేతిలో రొక్కం ఎంత, కాయ ఎంత పండింది, ట్రాక్టర్ బాడుగ ఎన్ని రోజులది.

దారులన్నీ ఒక్కచోటికే చేరితే ఎంపిక బూటకమని పాఠకుడు అలుగుతాడు, సాధారణంగా. కానీ ఈ రైతు విషయంలో ఆ బూటకమే విషయం. మండీలో తక్కువ ధర, ఫ్యాక్టరీ ముందు బారు, పొరుగు జిల్లాకు పోతే బాడుగ. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' లో తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవికి పోయిన ముసలివాడు రాత్రంతా నిర్ణయాల మీద నిర్ణయాలు చేస్తాడు. నవలగా చదివినప్పుడు మనం అతనిని చూస్తాం. ఎంపిక కథగా ఉంటే ఆ నిర్ణయాలు మన చేతి మీదుగా జరుగుతాయి, వాటి బరువు మన మీద పడుతుంది. 2013లో వచ్చిన 'డిప్రెషన్ క్వెస్ట్' అనే ట్వైన్ రచనలో, కుంగుబాటులో ఉన్న మనిషికి అందని దారులను తెర మీద చూపి, వాటి మీద గీత కొట్టివేశారు. దారి కనిపిస్తుంది, నొక్కడానికి వీలుండదు. నిషేధాక్షరి పృచ్ఛకుని పనిని ఇక్కడ రోగం చేస్తోంది.

మన నమూనాలో ఆ పని కాలం చేస్తుంది. మూడో మజిలీకి కాయ మెత్తబడుతుంది, 'పొరుగు జిల్లాకు పోదాం' అన్న వాక్యం మీద గీత పడుతుంది. నాలుగో మజిలీకి డ్రైవరు వచ్చి బండి ఖాళీ చేయమంటాడు. 'ఏమన్నా, ఇంకెంతసేపు?' అంటాడా, 'ఏమక్కా' అంటాడా అన్నది మొదటి మజిలీలో పాఠకుడు తనకు తాను పెట్టుకున్న వరుసనుబట్టి ఉంటుంది. బారు కదలదు. తెర మీద మూడు వాక్యాలుంటాయి, రెండింటి మీద గీతలు. మిగిలినది 'దారి పక్కన పారబోద్దాం'. అక్కడ కథ ఆగి పాఠకుని కోసం చూస్తుంది. అతడు నొక్కకుండా తెర మూసి పోవచ్చు. విక్రమార్కుని మౌనం వంటి ఆ చర్యకు కూడా ఒక మజిలీ రాసిపెట్టాలా వద్దా అన్నది ఈ నమూనాలో నేను ఇంకా తేల్చుకోని విషయం.